పైనింటి పిల్లాడు: లూకా పాట, నా దగ్గరికొచ్చిన ఒక కేసు

కొత్త వాలంటీర్లకి ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు మొదటి రోజు పొద్దున్నే, ఇంకా ఒకళ్ళ పేర్లు ఒకళ్ళకి తెలియకముందే, ఒక ఇంగ్లీష్ పాట పెడతాను. ముందు ఏమీ చెప్పను. నాలుగు నిమిషాల లోపు పాట, గిటార్ హుషారుగా ఉంటుంది, ఆడగొంతు మెత్తగా, పక్కన కూర్చుని మాట్లాడినట్టు ఉంటుంది. సగం మంది కాళ్ళు ఊపుతుంటారు, ఒకరిద్దరు ఫోన్లో ఏ పాటో వెతుకుతుంటారు. అయిపోయాక, ఇది దేని గురించి అని అడుగుతా. "ఎవరో తనని పరిచయం చేసుకుంటున్నారు మేడం", "బ్రేకప్ సాంగ్ లాగుంది", "ఒంటరితనం గురించి అనుకుంటా". ఇరవై మందిలో ఒకళ్ళో ఇద్దరో మాత్రం ఏమీ అనరు, కింద చూస్తుంటారు, తర్వాత టీ బ్రేక్‌లో కప్పు పట్టుకుని వచ్చి "మేడం, అది దెబ్బలు తినే పిల్లాడి పాట కదా" అంటారు. వాళ్ళకెలా తెలిసిందో నేను అడగను.

పాట పేరు లూకా. న్యూయార్క్ సింగర్ సుజాన్ వేగా రాసి పాడింది. 1984లో రాసింది, 1987లో సాలిట్యూడ్ స్టాండింగ్ అనే ఆల్బమ్‌లో వచ్చింది, ఆ ఆగస్టులో అమెరికా బిల్‌బోర్డ్ పాటల లిస్టులో మూడో ప్లేస్ దాకా ఎక్కింది. గ్రామీ అవార్డుల్లో మూడు నామినేషన్లు. ఆవిడ ఉండే బిల్డింగ్ ముందు కొంతమంది పిల్లలు ఆడుకుంటుండేవాళ్ళట, అందులో లూకా అనే పిల్లాడు ఎందుకో మిగతావాళ్ళలో కలవనట్టు కనపడేవాడట. ఆ పేరూ, మొహమూ గుర్తుండిపోయాయి, వాటితో పాట రాసింది. అసలు పిల్లాడు దెబ్బలు తినేవాడని మాత్రం తను అనుకోవట్లేదనీ, వాడు కాస్త వేరుగా ఉండేవాడంతేననీ ఆవిడే చెప్పింది.

నేను పిల్లల కౌన్సెలర్ని, పాటల విమర్శ నా పని కాదు. కానీ ఈ పాటని నేను ఒక కేస్ ఫైల్ లాగే చదువుతా, ఎందుకంటే ఇందులో పిల్లాడు ఫస్ట్ సెషన్‌లో ఎలా మాట్లాడతాడో అచ్చం అలాగే మాట్లాడతాడు. వర్సగా చూద్దాం. చివర్లో నా దగ్గరికొచ్చిన ఒక బాబు సంగతి కూడా రాస్తా, ఆ బాబు వయసు, ఊరు, ఇంట్లోవాళ్ళ వివరాలు గుర్తుపట్టే వీల్లేకుండా మార్చేశాను.

పిల్లాడు ఏం చెప్పాడు

ముందు పేరు చెప్తాడు, తర్వాత ఫ్లోర్ చెప్తాడు. సెకండ్ ఫ్లోర్, మీ పైనే ఉంటాం, మీరు నన్ను చూసే ఉంటారు అంటాడు. అమెరికాలో సెకండ్ ఫ్లోర్ అంటే మన లెక్కలో ఫస్ట్ ఫ్లోరే, అంటే వినేవాళ్ళు గ్రౌండ్ ఫ్లోర్‌లో, సరిగ్గా వాళ్ళ కిందే ఉన్నారన్నమాట. కింద ఉన్నవాళ్ళకి పైనింట్లో కుర్చీ జరిపినా వినపడుతుంది, ఈ సంగతి పిల్లాడికి తెలుసు. అందుకే మూడో మాటకే అర్ధరాత్రి ఏదైనా గొడవ వినపడితే అదేంటని నన్ను అడగొద్దు అని మూడుసార్లు అంటాడు. ట్రైనింగ్‌లో నేను ఇక్కడ పాట ఆపేస్తా. ఎవరూ ఏమీ అడగలేదు కదా, అడగొద్దని ఎందుకంటున్నాడు? కింద ఇంటివాళ్ళకి వినపడిందో లేదో వాడు చెక్ చేస్తున్నాడు. వినపడిందా అని అడిగే ధైర్యం లేని పిల్లాడు ఇలాగే అడుగుతాడు.

తర్వాత కారణాలు. నేను అన్నిటికీ తగులుకుంటా, పడేస్తా కదా, అందుకనేమో. గట్టిగా మాట్లాడకుండా చూసుకుంటా. నాకు పిచ్చేమో. పొగరుగా కనపడకుండా ఉండటానికి ట్రై చేస్తా. ఈ లిస్టు నాకు నోటికొచ్చు, మన పిల్లల దగ్గర కొంచెం మారుతుంది అంతే, "నేను అల్లరి చేస్తా కదా", "ఎదురు చెప్తా కదా", "నాకే బుద్ధి లేదు". పెద్దవాళ్ళు ఇది విని పిల్లాడు తప్పు ఒప్పుకున్నాడనుకుంటారు. ఫెయిర్‌బెయిర్న్ అని స్కాట్లాండ్‌లో ఒక సైకోఅనలిస్ట్ ఉండేవాడు, ఆయన 1943లో రాసిన పేపర్లో దీనికొక మాట చెప్పాడు, దేవుడు ఏలే లోకంలో పాపిగా ఉండటం, దెయ్యం ఏలే లోకంలో బతకడం కంటే మేలని. తప్పు నాదైతే నేను బాగుపడితే దెబ్బలు ఆగుతాయి, తప్పు నాన్నదైతే నా చేతుల్లో ఏమీ లేదు. పిల్లాడికి మొదటిదే నయం. మనం తొందరపడి "నీ తప్పేం లేదు నాన్నా" అని మొదటి రోజే అనేస్తే, వాడి చేతిలో ఉన్న ఒకే ఒక్క ఊతకర్ర లాగేసినట్టు అవుతుంది. ఆ మాట చెప్పాలి, తప్పకుండా చెప్పాలి, ఎప్పుడనేది చూసుకోవాలి.

ఇక్కడ పాటలో కాసేపు "నేను" మాయమైపోతుంది, ఇది చాలామంది గమనించరు. అప్పటిదాకా నేను, నేను అంటున్న పిల్లాడు దెబ్బల దగ్గరికి రాగానే మాట మార్చేస్తాడు. వాళ్ళు కొట్టేది నువ్వు ఏడ్చేదాకానే, ఆ తర్వాత ఎందుకని అడగవు, ఇంక వాదించవు, అన్నట్టు చెప్తాడు, ఎవరికైనా జరిగే మామూలు సంగతి లాగా. వాళ్ళంటే ఎవరో చెప్పడు. అమ్మ అనే మాట లేదు, నాన్న అనే మాట లేదు.

తెలుగులో అయితే ఆ "వాళ్ళు" కూడా అక్కర్లేదు. "కొడతారు" అంటే చాలు. ఒక్కళ్ళో, ఇద్దరో, గౌరవంగా నాన్నగారిని అంటున్నాడో, ఇంట్లో అందరినీ కలిపి అంటున్నాడో ఆ మాటలో తెలీదు. ఇంకా "దెబ్బ తగిలింది" అనే మాట ఉంది మనకి, అందులో కొట్టినవాడే ఉండడు, దెబ్బ తనంతట తనే వచ్చి తగులుతుంది. "వాత తేలింది", "బుగ్గ కమిలింది", "చెయ్యి వాచింది", అన్నీ అంతే. నేను కేస్ షీట్‌లో పిల్లల మాటలు వాళ్ళన్నట్టే రాస్తా, సరిచెయ్యను. "తండ్రి కొట్టినట్టు చెప్పాడు" అని మనం రాసేస్తాం, పిల్లాడు ఆ మాట అనలేదు, "తగిలింది" అన్నాడు. "తగిలింది" నుంచి "కొట్టారు"కి రావడానికి ఒక పాపకి నాలుగు నెలలు పట్టింది, "కొట్టారు" నుంచి "మా నాన్న కొట్టాడు"కి ఇంకో రెండు నెలలు.

ఏడ్చేదాకానే అనే మాట కూడా ఊరికే వదిలేసేది కాదు. అది ఆ ఇంటి రేటు. ఎంతసేపటికి ఆగుతుందో పిల్లలకి లెక్క తెలుసు, కొంతమంది మొదటి దెబ్బకే గట్టిగా ఏడ్చేసి తొందరగా ముగించేస్తారు, కొంతమంది పళ్ళు బిగబట్టి ఏడవరు, అదొక్కటే వాళ్ళు గెలిచేది. స్కూల్లో టీచర్ తిట్టినా చెక్కు చెదరకుండా నిలబడే పిల్లల్ని మొండి అంటాం కదా, వాళ్ళలో ఈ రెండో రకం వాళ్ళు ఉంటారు.

ఇప్పుడు తలుపు. నేను బానే ఉన్నా, మళ్ళీ తలుపుకి గుద్దుకున్నా అంటాడు. "మళ్ళీ" అనే ఒక్క మాట దగ్గర ఎవరైనా డాక్టర్ తల ఎత్తాలి. 1962లో డెన్వర్ డాక్టర్ కెంప్, ఆయన టీమ్ కలిసి దెబ్బలు తిన్న పసిపిల్లల గురించి పేపర్ రాసేవరకూ చాలామంది డాక్టర్లు కూడా ఈ తలుపు కథల్ని నమ్మేస్తూ ఉండేవాళ్ళు, వాళ్ళు చూపించింది ముఖ్యంగా ఇదే, ఇంట్లోవాళ్ళు చెప్పే కథకీ ఒంటి మీదున్న దెబ్బకీ పొంతన లేదని. తలుపుకి గుద్దుకుంటే నుదురు, ముక్కు, గడ్డం. ఆడుకుంటూ పడితే మోకాళ్ళు, మోకాలి కింద ఎముక మీద. చెవి, మెడ, వీపు, పిర్రలు, జబ్బ లోపలి వైపు మెత్తటి చోట కమిలిందంటే తలుపు అక్కడిదాకా రాదు. ఇది టీచర్లకి నేర్పడానికి పది నిమిషాలు చాలు.

కానీ పాటలో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఆ తర్వాతి లైను. మీరు అడిగితే నేను చెప్పేది ఇదే, అంటాడు. అంటే తలుపు కథ అబద్ధమని తనే చెప్పేస్తున్నాడు! అబద్ధం చెప్పి, దాని మీద ఇది అబద్ధం అని చీటీ అంటించి మన చేతికిచ్చాడు. అయినా ఇది మీకు అనవసరం అని వెంటనే తలుపేసేస్తాడు. పిల్లలు చెప్పరు, దాచుకుంటారు అని మీటింగుల్లో అంటుంటారు కదా, నా అనుభవంలో వాళ్ళు చెప్తూనే ఉంటారు, మనకి అర్థమయ్యే గ్రామర్‌లో చెప్పరు అంతే.

చివరికి వాడికి ఏం కావాలంట? ఒంటరిగా ఉండాలి, ఏదీ పగలకూడదు, ఏదీ విసరకూడదు. బొమ్మలు కాదు, పార్కు కాదు. ఆ తర్వాత పాట మళ్ళీ మొదటి చరణానికే వస్తుంది, నా పేరు లూకా అని, ఇంతసేపూ ఏమీ చెప్పనట్టు.

ట్యూన్ సంగతి, కింద ఇంటి సంగతి

ఇంత బాధని ఇంత హుషారు ట్యూన్‌లో ఎందుకు పెట్టిందని కొంతమంది వాలంటీర్లు కోప్పడతారు కూడా. నాకేమో ట్యూనే సరిగ్గా కుదిరిందనిపిస్తుంది. ఇలాంటి ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు ఏడుస్తూ రారు, నవ్వుతూ వస్తారు, మేడం మీ చీర బాగుంది అంటారు, కుర్చీ జరుపుతారు. పాట కూడా అలాగే రేడియోలో నవ్వుకుంటూ దూరింది. అదే శోకాల ట్యూన్ అయితే రెండో లైనుకి స్టేషన్ మార్చేసేవాళ్ళు. పాటకి వీడియో ఉంది, ఎంటీవీ వాళ్ళు 1988లో బెస్ట్ ఫిమేల్ వీడియో ప్రైజ్ కూడా ఇచ్చారు, నేను మాత్రం దాన్ని చూపించను. అందులో దిగులు మొహంతో ఒక అబ్బాయి కనపడతాడు, అంతే, అందరికీ అర్థమైపోతుంది, మన పనికి అంత సులువుగా అర్థం కాకూడదు.

ఆ పాట అన్ని రేడియోల్లో మోగిన సంవత్సరమే, 1987 నవంబర్‌లో, అదే న్యూయార్క్‌లో గ్రీనిచ్ విలేజ్‌లోని ఒక అపార్ట్‌మెంట్ నుంచి లీసా స్టైన్‌బర్గ్ అనే ఆరేళ్ళ పాపని స్పృహ లేకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు, బతకలేదు. పెంచుతున్నాయన లాయర్, చదువుకున్న ఇల్లు, మంచి ఏరియా. 1989లో ఆయనకి శిక్ష పడింది. ఆ ఇంట్లోంచి గొడవలు ఇరుగుపొరుగు వాళ్ళకి ముందే వినపడేవి, కంప్లైంట్లు కూడా వెళ్ళాయి, స్కూల్లో పాప ఒంటి మీద దెబ్బలు చూసినవాళ్ళు కూడా ఉన్నారని తర్వాత పేపర్లలో వచ్చింది. ఈ రెండిటికీ సంబంధం ఉందని నేననట్లేదు, పాట ఆ పాప గురించి కాదు, మూడేళ్ళ ముందే రాసింది. కింద ఫ్లోర్ వాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు నాకు రెండూ పక్కపక్కనే గుర్తొస్తాయి అంతే.

మన దగ్గర సంగతికొస్తే 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి ఒక స్టడీ వేసింది, అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. చట్టం ఉంది, 2015 జువైనల్ జస్టిస్ యాక్ట్‌లో సెక్షన్ 75, పిల్లల్ని చూసుకోవాల్సినవాళ్ళే హింసిస్తే మూడేళ్ళ దాకా జైలు. లైంగిక హింస అయితే పోక్సో చట్టం కింద సంగతి తెలిసినవాళ్ళెవరైనా చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ నంబర్ 1098 రోజంతా పనిచేస్తుంది. కానీ చాలామంది కింద ఇంటివాళ్ళు ఫోన్ చెయ్యరు, "వాళ్ళింటి విషయం మనకెందుకు" అంటారు, లూకా కూడా వాళ్ళతో ఆ మాటే అన్నాడు మరి.

నా దగ్గరికొచ్చిన బాబు

తొమ్మిదేళ్ళు, నాలుగో క్లాసు. కాన్సన్‌ట్రేషన్ లేదని స్కూల్ వాళ్ళు పంపించారు. అప్పటికి నేను ఈ పనిలోకొచ్చి రెండేళ్ళే. మార్చి నెల, బయట ఎండ మండిపోతోంది, పిల్లాడు యూనిఫామ్ మీద ఫుల్ హ్యాండ్స్ స్వెట్టర్ వేసుకొచ్చాడు. చలేస్తోందా అంటే "అవును మేడం" అన్నాడు, ముక్కు మీద చెమట. వాళ్ళమ్మ పక్కనే కూర్చుంది. నేను తెలివైనదాన్ననుకుని స్వెట్టర్ తియ్యమన్నా, జబ్బ లోపల మచ్చలు చూసి, అక్కడే, ఆవిడ ముందే, "నాన్న కొడతాడా?" అని అడిగేశా. ఆవిడ నవ్వి "వీడసలే దూకుడు మేడం, చూసుకుని నడవడు" అంది. పిల్లాడు ఆవిడ మొహంలోకి చూసి "బాత్రూంలో జారిపడ్డా" అన్నాడు. అంతే. మూడు వారాలు రాలేదు. వచ్చాక కుర్చీలో కూర్చోకముందే, నేనేం అడక్కుండానే, "మా నాన్న మంచోడు మేడం" అన్నాడు, పద్యం అప్పజెప్పినట్టు. ఆ మూడు వారాల్లో ఇంట్లో ఏం జరిగుంటుందో నాకు తెలీదు, నా ప్రశ్న వల్లే జరిగుంటుందని మాత్రం తెలుసు. ఆ షీట్ ఇప్పటికీ నా దగ్గరుంది, ఆ ప్రశ్న కింద నేనే ఎర్ర ఇంకుతో గీత గీసుకున్నా.

ఆ తర్వాత ఎలా ఉన్నావ్ అని అడగడం మానేశా. పాటలో వాడు చివర్లో అడగొద్దని బతిమాలేది కూడా అదే ప్రశ్న, నాకు అప్పుడు పాట తెలీదు, తర్వాతెప్పుడో విని ఉలిక్కిపడ్డా. ఇద్దరం కాగితాలు పెట్టుకుని ఇళ్ళ ప్లాన్లు గీసేవాళ్ళం. మామూలుగా పిల్లలు ఇల్లు గీయమంటే టీవీ ఉన్న గది ముందు గీస్తారు. వీడు పార్కింగ్‌తో మొదలుపెట్టాడు. బండి పెట్టే చోటు పెద్దగా గీసి, లిఫ్ట్ గీసి, అప్పుడు పైన ఇల్లు, అగ్గిపెట్టంత. పార్కింగ్ అంత పెద్దదెందుకంటే "అక్కడే తెలుస్తుంది మేడం" అన్నాడు. ఏం తెలుస్తుంది? బండి స్టాండ్ మెల్లగా వేస్తే మామూలు రోజు. కాలితో తన్ని వేస్తే వేరే రోజు. లిఫ్ట్ పైకొచ్చేలోపు టీవీ మ్యూట్ చెయ్యాలి, చెప్పులు ర్యాక్‌లో వరసగా పెట్టాలి, పుస్తకం తెరవాలి, చెల్లిని బాల్కనీలోకి పంపి తలుపు దగ్గరగా వెయ్యాలి. ఇదంతా వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. కాన్సన్‌ట్రేషన్ లేని పిల్లాడట! సాయంత్రం ఆరు నుంచి వాడి చెవులు పార్కింగ్‌లోనే ఉంటే ఎక్కాలు ఎలా ఎక్కుతాయి?

ఇంకో రోజు అదే ప్లాన్‌లో కింద ఫ్లోర్ కూడా గీశాడు, ఒక గిన్నె బొమ్మ వేశాడు. ఇదేంటంటే కింద బామ్మగారు అన్నాడు. "ఒక్కోసారి రాత్రి వాళ్ళ మనవణ్ణి పెరుగు తోడు కోసం పంపిస్తారు. బెల్లు కొడతాడు. అప్పుడు ఆగిపోతారు." ఎవరు ఆగిపోతారో చెప్పలేదు, నేను అడగలేదు. అలాగే రాసుకున్నా.

ఆ మాట దాకా రావడానికి జూన్ అయింది. తర్వాత పని నేనొక్కదాన్నీ చేసేది కాదు. ఈసారి వాళ్ళమ్మని విడిగా పిలిచి, నేను ఫోన్ చెయ్యబోతున్నానని ముందే చెప్పి, అప్పుడు 1098కి చేశా. ఆవిడ ఏడ్చింది, కాళ్ళు పట్టుకోబోయింది, ఆయనకి ఉద్యోగం పోతుందంది. జిల్లా బాలల సంరక్షణ యూనిట్ వాళ్ళు ఇంటికెళ్ళారు, చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందుకి తండ్రిని రెండుసార్లు పిలిచారు, పిల్లలిద్దరూ కొన్నాళ్ళు అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉన్నారు. తండ్రి నాతో ఒక్కసారి మాట్లాడాడు, "మా నాన్న నన్ను బెల్టుతో కొట్టాడు మేడం, నేను చేత్తోనే కొట్టాను" అన్నాడు, తేడా చూపించి మెచ్చుకోమన్నట్టు. కొట్టడం తగ్గిందని ఫాలోఅప్‌లో రాశా. ఆగిందని రాయలేకపోయా. ఏడాది తర్వాత వాళ్ళు ఇల్లు మారిపోయారు.

మారే ముందు పిల్లాడి ఫైల్లో సంతకం పెట్టడానికి వాళ్ళమ్మ ఒక్కత్తే వచ్చింది. కూర్చుని, బ్యాగు జిప్పు లాగుతూ తీస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచేటప్పుడు మాత్రం అంది, కింద బామ్మగారు మొదటిసారి రాత్రి పదకొండింటికి తోడు అడిగితే ముసలావిడకి మతిమరుపేమో అనుకున్నానని. "వాళ్ళింట్లో రోజూ రెండు లీటర్ల పాలు తోడేస్తారు మేడం. తోడు లేకపోవడమేంటి."

నేను పెన్ను ఇచ్చా, ఆవిడ సంతకం పెట్టింది.